ఇళ్ల పథకానికి సర్కారు డబ్బు: ప్రకటనను విడదీసి చదవడం ఎలా

తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ఇళ్లు కట్టడానికి ప్రభుత్వం పెద్ద మొత్తం ప్రకటించిందని వార్త వస్తే ముందు ఆ అంకెను పక్కన పెట్టండి. డబ్బు ఏ రూపంలో వస్తోందో చూడండి: తిరిగి కట్టక్కర్లేని గ్రాంటా, తక్కువ వడ్డీ అప్పా, లేక వేరేవాళ్లు ఇచ్చే అప్పుకు ప్రభుత్వం పూచీ పడుతోందా? చాలాసార్లు మూడింటినీ కలిపి ఒకే మొత్తంగా చెప్పేస్తారు. గ్యారంటీ ఇచ్చిన రోజున ఖజానాలోంచి చిల్లిగవ్వ కూడా బయటికి రాదు, అది గుర్తుంచుకోండి.

అలాగని అప్పును తీసిపారేయకండి. 100 అప్పును 30 ఏళ్లలో ఏటా సమాన వాయిదాల్లో తీర్చాలంటే 7 శాతం వడ్డీకి ఏడాదికి సుమారు 8.06 కట్టాలి, అదే 3 శాతానికైతే 5.10 చాలు. ఇల్లు అదే, సిమెంటు అదే, కానీ అద్దె ఎంత ఉండాలో చాలావరకు ఈ తేడానే తేలుస్తుంది.

అంత చవకగా డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఫ్రాన్స్‌లో జనం 'లివ్రే ఆ' ఖాతాల్లో దాచుకున్న సొమ్ములో పెద్ద భాగం కేస్ దే దెపో అనే ప్రభుత్వ సంస్థ చేతికి వెళ్తుంది, అక్కణ్ణుంచి సామాజిక గృహాలకు, అంటే తక్కువ అద్దెకిచ్చే ఇళ్లకు, దీర్ఘకాలిక అప్పుగా మారుతుంది. ఆస్ట్రేలియాలో హౌసింగ్ ఆస్ట్రేలియా అనే సంస్థ ప్రభుత్వ గ్యారంటీతో బాండ్లు అమ్మి, తక్కువ అద్దె ఇళ్లు నడిపే చిన్న చిన్న సంస్థలకు అప్పిస్తుంది. అవి విడివిడిగా బ్యాంకుకు వెళ్తే ఆ రేటు దొరకడం కష్టం. అమెరికాది 1986 నుంచి వేరే దారి, తక్కువ అద్దె ఇళ్లలో పెట్టుబడి పెట్టినవాళ్లకు పన్నులో 10 ఏళ్ల పాటు తగ్గింపు ఇస్తారు. ఇలాంటి పద్ధతిలో తక్కువ అద్దె షరతు ఎన్నేళ్లు ఉంటుందో తప్పకుండా అడగండి, ఎందుకంటే గడువు తీరితే అద్దె పెంచేయొచ్చు.

'అందుబాటు ధర' అన్న మాటనూ అలాగే వదిలేయకండి. ఇంగ్లండ్‌లో ఆ పేరుతో ఉన్న ఒక రకం అద్దె మార్కెట్ అద్దెలో 80 శాతం దాకా ఉండొచ్చు. మార్కెట్ పెరిగితే కొత్తగా అద్దెకిచ్చేటప్పుడు అదీ పెరుగుతుంది, జీతం పెరిగినా పెరగకపోయినా. కుటుంబ ఆదాయాన్ని బట్టి లెక్కకట్టిన అద్దే నా దృష్టిలో నిజంగా అందుబాటులో ఉన్నట్టు.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం, నీళ్లు, మురుగు, రోడ్డు, కరెంటు. స్థలం లోపల పైపులు వేసే ఖర్చు సాధారణంగా ఇళ్ల అంచనాలోనే ఉంటుంది, కానీ ఆ పైపుల్ని కలపాల్సిన బయటి పెద్ద లైను ఎవరిది, దానికి ఇంకో వెయ్యి కుటుంబాల నీటిని మోసే సామర్థ్యం ఉందా, లేకపోతే కొత్తది ఎవరు వేస్తారు, ఏ బడ్జెట్‌లోంచి, ఎప్పటికి? ఈ జవాబులు కాగితం మీద లేకుండా మొదలుపెడితే గోడలు లేచి రంగులు కూడా పడతాయి, తాళాలు మాత్రం చేతికి రావు. ఖర్చంతా బిల్డర్ మీదే వేస్తే అది చివరికి చాలాసార్లు అద్దెలోకే చేరుతుంది, కాబట్టి దీనికి విడిగా నిధి ఉందేమో చూడండి.

బడ్జెట్ పత్రాల్లో కేటాయింపు, విడుదల, ఖర్చు అని మూడు అంకెలు వేరువేరుగా చూడండి, మూడోదే నమ్మండి.

చివరగా రిపేర్లు. 20 ఏళ్లకు లిఫ్టు, పంపు, పైకప్పు అన్నీ ఒకేసారి డబ్బు అడుగుతాయి. ఏటా అద్దెలోంచి దానికోసం ఎంత పక్కన పెడతారో ఒప్పందంలో లేకపోతే సంతకాలకు ముందే రాయించండి.