ప్రొలాక్టిన్ ఎక్కువని రిపోర్ట్ వస్తే ఏం చేయాలి?

నెలసరి ఆగిపోయింది. గర్భం లేదని పరీక్షలో తేలింది, అయినా రొమ్ముల నుంచి పాలు వస్తున్నాయి. రక్తపరీక్షలో ప్రొలాక్టిన్, అంటే రొమ్ముల్లో పాలు తయారుచేయించే హార్మోన్, ఎక్కువని వచ్చింది. ఇంటర్నెట్‌లో వెతికితే ‘మెదడులో గడ్డ’ అని కనిపిస్తుంది, ఇక ఆ రాత్రి నిద్ర ఉండదు. మెదడు కింద బఠాణీ గింజంత ఉండే పిట్యూటరీ గ్రంథిలో ఈ హార్మోన్‌ను తయారుచేసే గడ్డ రావచ్చన్నది నిజమే. కానీ అది క్యాన్సర్ కావడం చాలా చాలా అరుదు, ఎక్కువమందికి మాత్రలతోనే తగ్గిపోతుంది. టెన్షన్ పడకుండా ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్లండి.

మొదట ఇంట్లో ఉన్న మందుల సంచీ తీయండి. పొద్దున్నే పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్ర స్ట్రిప్‌ను వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవండి. పాంటోప్రజోల్ పక్కన డోంపెరిడోన్ అని ఉందా? ప్రొలాక్టిన్ పెరగడానికి అదొక్కటే చాలు. మన ఇళ్లలో ఆ మాత్రను ఎవరూ మందుగా లెక్కపెట్టరు, డాక్టర్ అడిగినా చెప్పరు. దయచేసి చెప్పండి. ఆయన సరేనంటే మూడు రోజులు ఆపి మళ్లీ పరీక్ష చేయించుకోవచ్చు. రిస్పెరిడోన్ లాంటి మానసిక వైద్యం మందులూ ప్రొలాక్టిన్‌ను పెంచుతాయి, అయితే వాటిని సొంతంగా ఆపకూడదు.

తర్వాత థైరాయిడ్ పరీక్ష, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి. థైరాయిడ్ తక్కువైనా, కిడ్నీ దెబ్బతిన్నా ప్రొలాక్టిన్ పెరుగుతుంది.

ఇక అంకె సంగతి. ఆడవాళ్లకు మామూలుగా మిల్లీలీటరు రక్తానికి 25 నానోగ్రాముల లోపు ఉంటుంది. 200 దాటితే గడ్డ ఉండే అవకాశం ఎక్కువ. కొద్దిగా పెరిగి, కారణం దొరకకపోయినా ఎంఆర్ఐ తీయించాల్సిందే. గడ్డ 10 మిల్లీమీటర్లు, అంతకు మించి ఉంటే పెద్దదిగా లెక్క. అది కంటి నరాలను నొక్కితే పక్కచూపు తగ్గి, మనిషి నడుస్తూ గుమ్మానికి తగులుకుంటాడు. అప్పుడు కంటి పరీక్ష తప్పనిసరి. ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి వచ్చి చూపు మసకబారితే మాత్రం వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.

మగవాళ్లకు ఒక మాట. ప్రొలాక్టిన్ పెరిగి లైంగిక కోరిక తగ్గినా, ఆ మాట చెప్పడానికి సిగ్గుపడి ఏళ్లు గడిపేస్తారు, చూపు తగ్గాక వస్తారు. అప్పటికి గడ్డ పెద్దదై ఉంటుంది.

చికిత్సకు ఎండోక్రినాలజిస్ట్‌ను, అంటే హార్మోన్ల డాక్టర్‌ను కలవండి. సాధారణంగా క్యాబర్గోలిన్ మాత్ర రాస్తారు. ఇది రోజూ వేసుకునేది కాదు, వారానికి ఒకటి రెండుసార్లే. రాత్రి భోజనం తర్వాత వేసుకుంటే వికారం తక్కువ. గోడ మీది క్యాలెండర్‌లో ఆ రోజులకు సున్నా చుట్టి పెట్టుకోండి. మంచం మీంచి నెమ్మదిగా లేవండి, కళ్లు తిరగొచ్చు. జూదం మీదో, షాపింగ్ మీదో అదుపు తప్పుతున్నట్టు అనిపిస్తే దాచకండి, అదీ ఈ మందు వల్ల కావచ్చు. చాలామందికి ఏళ్ల తరబడి వాడాల్సి వస్తుంది, బాగుందని మధ్యలో మానేయొద్దు.

ఉంగరం వేలికి బిగుసుకుపోయి, చెప్పుల సైజు పెరుగుతుంటే అది పిట్యూటరీలోనే వచ్చే మరో రకం గడ్డ, గ్రోత్ హార్మోన్‌ను తయారుచేసేది కావచ్చు. దానికి ముందు ఆపరేషనే, అదీ పుర్రె తెరవకుండా ముక్కు లోంచే చేస్తారు.

పెళ్లయిన ఆడవాళ్లు ఇది గుర్తుంచుకోండి: మాత్ర మొదలయ్యాక నెలసరి తిరిగి రాకముందే గర్భం రావచ్చు. పిల్లలు కావాలన్నా, ఇప్పుడే వద్దన్నా, మొదటి మాత్ర వేసుకునే ముందే ఆ మాట డాక్టర్‌కు చెప్పండి.