ఎండుగడ్డి కొనేటప్పుడు కట్టలు లెక్కపెట్టకండి

పచ్చికలో మేసే పాడి ఆవులకు తోడుగా ఎండుగడ్డి కొంటే, ఒక లోడులో కట్టలు బరువుగా, మరో లోడులో తేలిగ్గా వస్తుంటాయి. ధర మాత్రం కట్టకు ఇంత అని ఒకటే. చాలాకాలం నేనూ అలాగే కొన్నాను.

ఇప్పుడు లోడులో పైనుంచి, మధ్యనుంచి, అడుగునుంచి కలిపి 10 కట్టలు తీసి కాటా వేసి సగటు బరువు చూస్తున్నాను. తర్వాత రెండు మూడు కట్టల లోపలి నుంచి గడ్డి లాగి, చిన్న ముక్కలు చేసి, సరిగ్గా 100 గ్రాములు తూచాలి. ఓవెన్‌లో 100 డిగ్రీల వద్ద ఆరబెడుతూ మధ్యమధ్య తూచి, వరుసగా రెండుసార్లు ఒకే బరువు వస్తే ఆపాలి. 85 గ్రాములు మిగిలితే తేమ 15 శాతం. ఓవెన్ దగ్గరే ఉండండి, అది గడ్డి కదా!

ఇక లెక్క సులువు. 20 శాతం తేమ ఉన్న 15 కిలోల కట్టలో అసలు మేత 12 కిలోలే. 10 శాతం తేమ ఉన్న 14 కిలోల కట్టలో 12.6 కిలోలు. తేలిక కట్టే లాభం. ధరను ఈ పొడి బరువుతో భాగించి బేరమాడండి.

బూజు సంగతి మాత్రం కాటా చెప్పదు. కట్ట మధ్యలోకి చెయ్యి పెట్టినప్పుడు వేడి తగిలినా, ముక్కిపోయిన వాసన వచ్చినా ఎంత చవకైనా వద్దు. పచ్చిక ఎండిపోయిన రోజుల్లో ఈ గడ్డి ఒక్కదానితో నెట్టుకురావడం కుదరదు. ఇందులో మాంసకృత్తులు చాలా తక్కువ, పాలు తగ్గిపోతాయి.