ఇంట్లో నెట్ కేబుల్, 4వ పాఠం: కరెంటు పైపులో దూర్చిన వాళ్ల కోసం

పోయిన పాఠంలో రూటరు నుంచి మిద్దె మీది గదికి క్యాట్-6 నెట్ కేబుల్ లాగమన్నాను. ఏ దారిన లాగాలో చెప్పలేదు. చాలామంది గోడలో ఉన్న కరెంటు పైపులోనే దూర్చి, "స్పీడు బాగానే వస్తాంది కదన్నా" అంటున్నారు. క్రింపింగ్, అంటే కేబుల్ కొనకు ప్లగ్గు బిగించడం, వచ్చే వారం. ముందు ఇది తేల్చుకుందాం.

స్పీడు వస్తుంది, అందులో వింతేం లేదు. కేబుల్లో ప్రతి తీగల జతా మెలితిప్పి ఉంటుంది. పక్కనున్న 50 హెర్ట్జ్ కరెంటు గోల, అంటే సిగ్నల్‌ను చెదరగొట్టే అలజడి, రెండు తీగల మీదా దాదాపు సమానంగా పడుతుంది. పోర్టు (ప్లగ్గు గుచ్చే చోటు) రెండింటి మధ్య తేడానే చదువుతుంది కాబట్టి ఆ గోల లెక్కలోకి రాదు. అందుకే స్పీడ్ టెస్ట్ చూపించి నాతో వాదించొద్దు. నా భయం 230 వోల్టుల గురించి.

పాత వైర్ల మీదుగా కొత్త కేబుల్‌ను బలంగా గుంజితే వంపుల దగ్గర రెండింటి తొడుగూ గీరుకుంటుంది. బయటపడిన ఫేజు (కరెంటు ఉన్న తీగ) నెట్ కేబుల్ రాగిని తాకితే ఎంసీబీ, అంటే కరెంటు ఎక్కువైతే తానే ఆగే స్విచ్, పడుతుందనుకుంటారు. పడదు. పోర్టులోని చిన్న ట్రాన్స్‌ఫార్మర్ కరెంటును అక్కడే అడ్డుకుంటుంది, ఎంసీబీ పడేంత కరెంటు పోయే దారే ఉండదు. కేబుల్ 230 వోల్టులు పెట్టుకుని గమ్మున ఉంటుంది. ప్లగ్గు కొట్టడానికి కొన ఒలిచి పట్టుకుంటే ఆ దారి మీరే అవుతారు. షీల్డు (తీగల చుట్టూ రేకు) ఉన్న కేబుల్ కొన్నా ఇదే కథ. ఎర్తుకు కలపని షీల్డు రేకు మొత్తం లైవు అవుతుంది.

కాబట్టి బయటికి తీయండి. మెయిన్ ఆపితే చాలదు, ఇన్వర్టర్ కూడా ఆపాలి. ఎక్కువమంది మరిచేది ఇదే. టెస్టరు పెట్టి చూసుకుని, ప్లగ్గు కోసేసి, మెల్లగా లాగండి. బిగిస్తే ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. తొడుగు చిరిగిన కేబుల్ మళ్లీ వాడొద్దు.

కొత్త దారికి విడిగా 20 మిల్లీమీటర్ల పీవీసీ పైపు, విడిగా బాక్సు. కరెంటు వైరుకు సమాంతరంగా పోతే అడుగు ఎడం, దాటాల్సి వస్తే అడ్డంగా, లంబకోణంలో. బోరు మోటారు స్టార్టరుకు నేనైతే మూడడుగులు వదులుతాను. స్విచ్ వేసినప్పుడు పుట్టే నిప్పురవ్వల గోలను మెలిక పూర్తిగా ఆపలేదు, నెట్ ఒక్క క్షణం తెగి వస్తుంది. మన కడప బండ అరల కింద గోడ మూల మంచి దారి. క్లిప్పు మాత్రం గోడకే కొట్టండి, బండ అంచు పొరలుగా లేస్తుంది. బయటి మెట్ల మీదుగా పోతే ఎండకు తట్టుకునే నల్ల కేబుల్ కావాలి.

అభ్యాసం: ఇంటి ప్లాను గీసి, ప్రతి స్విచ్ బోర్డు నుంచి పైకప్పుకు పోయే పైపును ఎర్ర గీతతో గుర్తించండి. ఆ గీతలను రెండుకంటే ఎక్కువసార్లు దాటని దారి వెతకండి. దారం వేసి కొలిచి, రెండు చివరలా రెండేసి మీటర్లు కలపండి. అంతవరకూ కేబుల్ కొనొద్దు.