చిన్న పార్టీకి మండల శాఖ: సభ్యత్వ రుసుము, గుర్తింపు దరఖాస్తు విధానం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏదైనా చిన్న పార్టీకి శాఖ పెట్టాలనుకునేవారు ముందుగా కలెక్టరేట్ దారి పడతారు. అక్కడ ఇచ్చే ఫారం ఏదీ లేదు. ఎన్నికల సంఘం నమోదు చేసేది పార్టీని మాత్రమే. శాఖ పుట్టేది పార్టీ నిబంధనావళి ప్రకారం కాబట్టి మీ దరఖాస్తు వెళ్లవలసింది రాష్ట్ర కమిటీకి. విడిగా సొసైటీ రిజిస్ట్రేషన్ చేయించమని సలహా ఇచ్చేవారూ ఉంటారు. అది అనవసరపు ఖర్చు.

అసలు పార్టీ నమోదులో ఉందో లేదో మొదట చూసుకోండి. వరుసగా 6 ఏళ్లు ఏ ఎన్నికలోనూ పోటీ చేయలేదని 2025 ఆగస్టులో 334 పార్టీలను, సెప్టెంబరులో మరో 474 పార్టీలను ఎన్నికల సంఘం జాబితా నుంచి తొలగించింది. నాయకుడి మాట చాలదు, సంఘం ప్రచురించే జాబితాలో పేరు కనపడాలి. లేకపోతే పార్టీయే కొత్తగా నమోదు కావాలి. దానికి 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఎ సెక్షన్ కింద, ఏర్పాటైన 30 రోజుల్లోగా, రూ. 10,000 రుసుముతో, ఓటర్లయిన 100 మంది సభ్యుల అఫిడవిట్లతో దరఖాస్తు చేయాలి. అది రాష్ట్ర నాయకత్వం పని, మండల శాఖది కాదు.

తరువాత పరిధి. మన దగ్గర చిక్కు ఇక్కడే వస్తుంది. ఎచ్చెర్ల శ్రీకాకుళం జిల్లాలో ఉన్నా లోక్‌సభకు విజయనగరం కింద వస్తుంది. శృంగవరపుకోట విజయనగరం జిల్లాలోనిదే, లోక్‌సభ స్థానం మాత్రం విశాఖపట్నం. రాజాం 2022 ఏప్రిల్‌లో శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాకు మారింది. మీ పార్టీ కమిటీలు రెవెన్యూ జిల్లాల వారీగా ఉన్నాయా, పార్లమెంటు స్థానాల వారీగానా అన్నది రాష్ట్ర కార్యాలయాన్ని అడిగి రాతపూర్వకంగా తెలుసుకోండి. గ్రామ శాఖలతో మొదలుపెట్టే కంటే మండల శాఖ మేలని నా అభిప్రాయం. సర్పంచి ఎన్నికలు పార్టీ గుర్తులతో జరగవు. ఎంపీటీసీ, జెడ్పీటీసీ ఎన్నికలు ఆ గుర్తులతోనే జరుగుతాయి.

ఇక సభ్యత్వం. ఫారంలో పేరు, చిరునామా, ఓటరు గుర్తింపు కార్డు సంఖ్య, వేరే పార్టీలో సభ్యుడిని కానన్న ప్రకటన, సంతకం ఉండాలి. ప్రభుత్వ ఉద్యోగులు, ఉపాధ్యాయులను చేర్చుకోకండి. ప్రవర్తనా నియమావళి ఒప్పుకోదు, వారి ఉద్యోగానికే ముప్పు. రుసుము ఎంతో, అందులో మండలానికి ఎంత, రాష్ట్రానికి ఎంత అన్నది నిబంధనావళి చెబుతుంది. మీరు పెంచడానికీ తగ్గించడానికీ వీల్లేదు. రూ. 20 రుసుమైనా సభ్యుడే కట్టాలి. ఊరి పెద్ద ఒకరు వందమంది తరఫున ఒకేసారి కడితే ఆ జాబితా సభ్యులది కాదు, ఆ పెద్దమనిషిది.

చిన్న పార్టీల శాఖల్లో తగాదా ఎప్పుడూ రసీదు పుస్తకం దగ్గరే మొదలవుతుంది. పుస్తకం రాష్ట్ర కార్యాలయం నుంచే రావాలి, వరుస సంఖ్యలు అచ్చువేసి ఉండాలి. ఎవరికి ఏ సంఖ్య నుంచి ఏ సంఖ్య దాకా ఇచ్చారో రిజిస్టరులో రాసి సంతకం తీసుకోండి. రసీదులో మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఉండాలి, నగదా ఫోను ద్వారానా అన్నదీ రాయాలి. కార్బన్ నకలు పుస్తకంలోనే మిగలాలి. తప్పుపోతే చించేయకుండా రెండు ప్రతుల మీదా అడ్డగీతలు కొట్టి ‘రద్దు’ అని రాయండి. ఒక్క కాగితం లేకపోయినా ఆ పుస్తకం మొత్తం అనుమానంలో పడుతుంది.

వసూలుకు కాలం చూసుకోవాలి. హైదరాబాద్, చెన్నై పనులకు వెళ్లినవారు సంక్రాంతికి దొరుకుతారు. గుజరాత్‌లోని వేరావల్ పడవల మీద పనిచేసే తీరగ్రామాల మత్స్యకారులు అప్పుడు ఊళ్లో ఉండరు. జూన్‌లో పశ్చిమ తీరంలో వేట నిషేధం మొదలయ్యాక వారిని కలవండి.

సొమ్మును అధ్యక్షుడి సొంత ఖాతాలో వేయకండి, వారం రోజులకైనా సరే. శాఖ ఖాతా పార్టీ పాన్ సంఖ్య మీదే తెరవాలి. బ్యాంకువారు సాధారణంగా ఎన్నికల సంఘం నమోదు లేఖ, నిబంధనావళి ప్రతి, ఖాతా నడిపే ఇద్దరికి అధికారం ఇస్తూ రాష్ట్ర కమిటీ చేసిన తీర్మానం అడుగుతారు. రుసుము కాక విరాళాలు వస్తే, ఆదాయపు పన్ను మినహాయింపు నిలవాలంటే పార్టీ ఎవరి దగ్గరా రూ. 2,000 మించి నగదు తీసుకోకూడదు. ఏడాదిలో ఒకరు రూ. 20,000 దాటి ఇస్తే ఆ వివరం పార్టీ ఎన్నికల సంఘానికి తెలపాలి. కాబట్టి మీరు వెంటనే రాష్ట్ర కోశాధికారికి చెప్పాలి.

నిబంధనావళి చెప్పిన కనీస సంఖ్య నిండాక, అది చెప్పిన గడువు ఇచ్చి సభ్యులందరికీ నోటీసు పంపి సమావేశం పెట్టండి. కల్యాణ మండపమైనా, బయట మైదానమైనా స్థానిక పోలీస్ స్టేషన్‌లో ముందే రాసి ఇవ్వడం మంచిది. పోలీస్ చట్టం 30వ సెక్షన్ అమల్లో ఉన్న రోజుల్లో ఊరేగింపుకు, సభకు డీఎస్పీ అనుమతి కావాలి. మైకు రాత్రి 10 దాటాక వాడకూడదు.

దరఖాస్తు పొడవు అక్కరలేదు. ‘ఫలానా తేదీన ఫలానా చోట జరిగిన సమావేశంలో ఇంతమంది సభ్యులు ఈ కార్యవర్గాన్ని ఎన్నుకున్నారు, గుర్తించగలరు’ అంటే చాలు. దాని వెంట మినిట్స్ నకలు, హాజరు సంతకాలు, సభ్యుల జాబితా, రాష్ట్ర వాటా చెల్లించిన రుజువు జతచేసి స్పీడ్ పోస్టులో పంపండి. వాటా కట్టని దరఖాస్తు ఫైలులోనే ఆగిపోతుంది. గుర్తింపు పత్రం చేతికి వచ్చేదాకా శాఖ పేరుతో లెటర్‌హెడ్ అచ్చువేయించకండి, విరాళాలు అడగకండి.