పదేళ్లు మూలకు పడి ఉన్న బుల్లెట్‌ను లేపేటప్పుడు: సమస్య - పరిష్కారం

వరంగల్, పరకాల, జనగామ వైపు పాత ఇళ్ల వసారాల్లో ఏపీ 36 నంబరుతో కాస్ట్ ఐరన్ ఇంజన్ రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ 350లు ఇంకా చాలానే ఉన్నాయి. నిలిచి ఉండడం వల్ల వాటికి జరిగే నష్టం తక్కువ. కొత్త పెట్రోల్ పోసి, ఎండిన ఇంజన్‌ను వరుసగా కిక్కులు కొట్టినప్పుడే అసలు నష్టం. అందుకే ఇక్కడి వరుస ఇంజన్ తిరగడంతో మొదలై, ఆయిల్, కరెంటు, పెట్రోల్ మీదుగా వెళ్తుంది. ఇది సీబీ (కాంటాక్ట్ బ్రేకర్) పాయింట్లున్న, అంటే తెరుచుకుంటూ మూసుకుంటూ స్పార్క్ పుట్టించే స్విచ్ ఉన్న మోడళ్లకు.

కిక్ అసలు దిగడం లేదు

పిస్టన్ రింగులు తుప్పుతో సిలిండర్‌కు పట్టుకున్నాయి. కిక్ మీద ఎక్కి దూకితే గేర్‌బాక్సులో కిక్ పళ్లు విరుగుతాయి, పిస్టన్ మాత్రం కదలదు. ప్లగ్గు విప్పి, డీజిల్, ఇంజన్ ఆయిల్ సమపాళ్లలో కలిపి 40 మి.లీ. దాకా పోయండి. రెండు మూడు రోజులు అలాగే వదిలేయండి. తర్వాత టాప్ గేరులో వేసి, వెనక చక్రాన్ని చేత్తో ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపండి. వెంట్రుకవాసి కదిలినా చాలు, మళ్లీ ఆయిల్ పోసి మర్నాడు ఊపండి. వారం దాటినా కదలకపోతే హెడ్డు, సిలిండర్ విప్పాల్సిందే. సుత్తితో కొట్టే పని మాత్రం వద్దు.

కిక్ అడ్డులేకుండా జారిపోతోంది

మూడు కారణాలుంటాయి. డికంప్రెసర్ వాల్వ్ (కిక్ తేలిక కావడానికి సిలిండర్ గాలిని వదిలేది) మసితో తెరుచుకుని ఇరుక్కోవడం మొదటిది. దాని కేబుల్ విప్పి, వాల్వ్ కాడ చుట్టూ డీజిల్ చుక్కలు వేసి ఆడించండి. రెండోది టాపెట్లు, అంటే వాల్వుల సందు సరిచేసే స్క్రూలు, బిగుతుగా ఉండడం. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, కంప్రెషన్ పై చివరన (రెండు వాల్వులూ మూసుకుని పిస్టన్ పైకొచ్చినప్పుడు) వాల్వులను తోసే పుష్‌రాడ్ వేళ్లతో సులువుగా తిరగాలి, కానీ పైకీ కిందకీ ఆడకూడదు. మూడోది క్లచ్. బుల్లెట్‌లో కిక్ బలం క్లచ్ మీదుగానే ఇంజన్‌కు చేరుతుంది. క్లచ్ జారితే కిక్ దిగుతుంది, ఇంజన్ తిరగదు. దీనికి తిరగబడ్డ సమస్య కూడా ఉంది: క్లచ్ లివర్ నొక్కి కిక్ కొట్టినా ఇంజన్ తిరిగితే ప్లేట్లు అతుక్కున్నట్టు. లివర్ నొక్కి పట్టి పది కిక్కులు కొడితే మామూలుగా విడిపోతాయి.

డిప్‌స్టిక్‌లో ఆయిల్ కనబడదు

చాలామంది ఇక్కడే పొరబడతారు. ఆయిల్ ఎక్కడికీ పోలేదు. వెనకనున్న ఆయిల్ అర నుంచి నెలల తరబడి జారి క్రాంక్‌కేసులో చేరింది. పైన ఇంకో లీటరు పోసి స్టార్ట్ చేస్తే వీధంతా నీలం పొగ, బ్రీదర్ పైపు నుంచి ఆయిల్ ధార, సీళ్ల లీకేజీ.

ఇంజన్ అడుగున క్రాంక్‌కేసు డ్రెయిన్ ప్లగ్గు, ఆయిల్ అర డ్రెయిన్ ప్లగ్గు విడివిడిగా ఉంటాయి. రెండూ విప్పి, పాతదంతా తీసేయండి. నల్లటి బురదలో మెరిసే రేణువులు కనబడితే అక్కడే ఆగి, బేరింగులు చూపించండి. ఫిల్టర్ మార్చి, 20డబ్ల్యూ-50 ఆయిల్ సుమారు రెండు లీటర్లు, డిప్‌స్టిక్ గుర్తుల మధ్యకు వచ్చేలా పోయండి. రాకర్ కవర్లు తీసి లోపల కూడా కొంచెం ఆయిల్ వేయండి. ప్లగ్గు లేకుండా ఇరవై ముప్ఫై కిక్కులు కొట్టండి. స్టార్ట్ అయ్యాక రాకర్లకు వెళ్లే పైపు బోల్టును కొద్దిగా వదులు చేస్తే నిమిషంలోపు ఆయిల్ ఊరాలి. ఊరకపోతే వెంటనే ఆపేయండి, పంపు తోడడం లేదు.

స్పార్క్ లేదు

బ్యాటరీ కరెంటు రాకపోకలు చూపే అమ్మీటరే మీ డాక్టర్. బాగున్న బ్యాటరీ పెట్టి, తాళం తిప్పి, కిక్‌ను చేత్తో మెల్లగా నొక్కండి. పాయింట్లు మూసుకున్నప్పుడు ముల్లు మైనస్ వైపు వాలి, తెరుచుకున్నప్పుడు సున్నాకు రావాలి.

అసలు వాలకపోతే ఫ్యూజు, తాళం స్విచ్, లేదా పాయింట్ల మీద పేరుకున్న తెల్లటి పొర. సన్న ఎమెరీ కాగితంతో రుద్ది, పెట్రోల్‌తో తుడిచి, చివరికి తెల్లకాగితం ముక్కను పాయింట్ల మధ్య లాగి శుభ్రం చేయండి. ముల్లు మైనస్‌లోనే నిలిచిపోతే పాయింట్లు తెరుచుకోవడం లేదు, లేదా కండెన్సర్ (పాయింట్ల దగ్గర మెరుపుల్ని అణిచే చిన్న డబ్బా) షార్ట్ అయింది. పాయింట్లు పూర్తిగా తెరుచుకున్న చోట ఫీలర్ గేజ్‌తో గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ. పెట్టండి. ప్లగ్గు గ్యాప్ 0.5 మి.మీ. చాలు. స్పార్క్ నీలంగా, చిటపటమనాలి. పసుపుగా, పల్చగా ఉండి పాయింట్ల దగ్గర మెరుపులు పెద్దగా కనబడితే కండెన్సర్ మార్చండి.

కిక్ వెనక్కి తన్నితే తేలిగ్గా తీసుకోవద్దు, మడమ విరుగుతుంది. పాయింట్ల వెనక ఆటో అడ్వాన్స్ బరువులు (వేగాన్ని బట్టి స్పార్క్ సమయాన్ని ముందుకు జరిపేవి) పాత గ్రీజుతో ముందుకే ఇరుక్కుంటాయి. వాటిని విప్పి కడిగి, చుక్క ఆయిల్ వేస్తే చాలు.

చోక్ తీయగానే ఆగిపోతోంది

కార్బొరేటర్‌లో తక్కువ వేగానికి పెట్రోల్ ఇచ్చే సన్న రంధ్రం, పైలట్ జెట్, మూసుకుంది. పాత పెట్రోల్ ఎండి బంకలా మారుతుంది. కార్బొరేటర్ విప్పి, జెట్‌ను థిన్నర్‌లో నానబెట్టి, పంక్చర్ షాపులో కంప్రెసర్ గాలి కొట్టించండి. ఇనుప తీగ దూర్చితే రంధ్రం పెద్దదై, మళ్లీ ఎప్పటికీ సరిగ్గా కుదరదు. కార్బొరేటర్ గాలి స్క్రూను పూర్తిగా బిగించి, ఒకటిన్నర చుట్టు వదిలి మొదలుపెట్టండి.

టంకీలో తుప్పుంటే కార్బొరేటర్ ఎన్నిసార్లు కడిగినా దండగే. పెట్రోల్ కాక్ తీసేసి రంధ్రం మూసి, కిరాణాలో దొరికే నిమ్మ ఉప్పు లీటరు వేడినీళ్లకు 50 గ్రాముల చొప్పున కలిపి నింపండి, ఒక రాత్రి ఉంచండి. మర్నాడు వంటసోడా నీళ్లతో కడిగి, ఎండలో బాగా ఆరబెట్టి, వెంటనే కొంచెం ఆయిల్ పోసి అంతటా తిప్పండి. ఆలస్యమైతే గంటలోనే కొత్త తుప్పు మొదలవుతుంది. ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరును పాడు చేస్తుంది. కాబట్టి పైపు, కాక్ వాషర్లు, ఫ్లోట్ నీడిల్ కొత్తవి వేయండి. బండి మళ్లీ నెలలు నిలిపేటట్టుంటే టంకీ, ఫ్లోట్ బౌల్ ఖాళీ చేయండి.

స్టార్ట్ అవుతుంది, కానీ పికప్ లేదు

సైలెన్సర్ చివర చెయ్యి పెట్టి చూడండి. గాలి సరిగ్గా రాకపోతే లోపల కందిరీగల మట్టిగూడు ఉన్నట్టే. కర్రతో పొడిచి రాల్చేయండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో ఎలుకలు పేర్చిన గడ్డి, గుడ్డపీలికలు కూడా మామూలే.

వేడెక్కాక ఆగిపోయి, చల్లారాక స్టార్ట్ అవుతోంది

ఆగిన వెంటనే టంకీ మూత తెరవండి. లోపలికి గాలి పీల్చిన చప్పుడొస్తే మూతలోని సన్న రంధ్రం మూసుకుంది. చప్పుడు లేకపోతే స్పార్క్ చూడండి. వేడికి కండెన్సర్ గానీ, కాయిల్ గానీ చచ్చిపోతోంది. ముందు కండెన్సర్ మార్చండి, ధర తక్కువ.

రోడ్డెక్కే ముందు టైర్ పక్కన ఉండే నాలుగంకెల గుర్తు చదవండి: 2309 అంటే 2009లో 23వ వారం. పదేళ్లు దాటితే గాళ్లు ఎంత లోతున్నా 3.25-19 కొత్త జత వేయండి. బ్రేకు డ్రమ్ములు తెరిచి, లైనింగ్ బ్రేకు షూల నుంచి ఊడిందేమో చూడండి. మొదటి యాభై కిలోమీటర్ల తర్వాత ఇంజన్ చల్లారాక హెడ్డు నట్లు సరిచూసి, టాపెట్లు మళ్లీ సెట్ చేయండి. 300 కిలోమీటర్లకు ఆ ఆయిల్ తీసేసి కొత్తది పోయండి.