సంక్రాంతి తర్వాత మట్టిల్లు మొదలుపెడుతున్నారా? ముందు ఇవి చూసుకోండి

జూన్ వానలకి ముందే గోడలు లేచి, ఆరి, పైకప్పు కూడా వేసేయాలి. అందుకే ఇప్పుడే చెప్తున్నా.

• పునాది రాతితో, నేల మీదికి కనీసం అడుగున్నర. పోయిన వర్షాకాలం అక్కడ నీళ్లెంత ఎత్తు నిలిచాయో పక్కింటివాళ్లని అడిగి, అంతకన్నా పైకే లేపండి. మట్టి గోడ మీద పడే జల్లుకి కొంత ఓర్చుకుంటుంది గానీ, అడుగు నానితే కూలిపోతుంది. డబ్బు మిగుల్చుకోవాలంటే ఇంకెక్కడైనా చూసుకోండి, ఇక్కడొద్దు.

• పైకప్పుని గోడ మీద ఊరికే ఆనించకండి. పునాదిలో పాతిన గుంజలకి గట్టిగా కట్టండి. గాలి చూరు కింద దూరి కప్పుని పైకి లేపేస్తుంది. 2014లో హుద్‌హుద్ తుఫాను, 2018లో తిత్లీ తుఫాను, రెండూ అక్టోబరులోనే వచ్చాయి. మన తీరంలో పెద్దలు చుట్టిళ్లు గుండ్రంగా, చూరు బాగా కిందికి దించి కట్టుకున్నారంటే ఊరికే కాదు, గాలికి పట్టు దొరకదు.

• పైమట్టి వాడకండి, అందులో వేర్లు, చెత్త కుళ్లుతాయి. కింద మట్టి తీసి గాజు సీసాలో సగం పోసి, నీళ్లతో బాగా కుదిపి, ఒక రోజు కదపకుండా ఉంచండి. అడుగున ఇసుక, పైన బంకమట్టి పొరలుగా తేరతాయి. బంక మరీ ఎక్కువైతే గోడ బీటలిస్తుంది, ఇసుక కలపండి.

• ఒక వరస గట్టిపడ్డాకే ఇంకో వరస. మేస్త్రి తొందరపెడతాడు, వినకండి.

• తాటి దూలాలు ముదురు చెట్టువే. లేతవైతే పురుగు పడుతుంది.

• బయట సిమెంటు పూత వద్దు. లోపలి తేమ బయటికి పోక పెచ్చులూడుతుంది. సున్నం చాలు.