డయాగ్రమ్ సాఫ్ట్‌వేర్ చవగ్గానే దొరికింది, పని మాత్రం సాగడం లేదా?

ఇంజినీరింగ్ పనికి సాఫ్ట్‌వేర్ ఎంచుకునే ముందు మనకు కావలసింది బొమ్మా, మోడలా అని తేల్చుకోవాలి. ఇది తేల్చుకోకుండా మొదలుపెట్టి నేను నెలల పని మళ్లీ చేశాను. కింద రాసినవన్నీ నాకో, నాతో పనిచేసినవాళ్లకో ఎదురైన ఇబ్బందులే.

పేరు ఒకచోట మారిస్తే మిగతా చోట్ల పాతదే ఉంటోంది

పంపు కంట్రోలర్ అనే బ్లాక్ ఆరు షీట్లలో ఉందనుకోండి. ఒక షీట్‌లో పేరు మార్చారు. మిగతా ఐదింటిలో పాత పేరే ఉండిపోయింది. రివ్యూలో ఎవరో అడిగేదాకా ఆ సంగతి బయటపడదు.

అంటే మీ చేతిలో ఉన్నది బొమ్మలు గీసే టూల్. డ్రా డాట్ ఐఓ, లిబ్రెఆఫీస్ డ్రా, ఇంక్‌స్కేప్ ఈ కోవలోవే. వాటి లెక్కలో ఆ బ్లాక్ ఒక డబ్బా, దాని మీద నాలుగు అక్షరాలు. ఆరు షీట్లలో ఉన్నవి ఒకదానితో ఒకటి సంబంధం లేని ఆరు డబ్బాలు. మోడలింగ్ టూల్‌లో అయితే బ్లాక్ ఒక్కటే ఉంటుంది, ప్రతి షీట్ దాన్నే చూపిస్తుంది. పేరు మారిస్తే అంతటా మారుతుంది.

యూఎంఎల్ (సాఫ్ట్‌వేర్ నిర్మాణాన్ని బొమ్మల్లో చూపే ప్రామాణిక పద్ధతి) పనికి మోడెలియో, గాఫోర్ చూడండి. పెద్ద సిస్టమ్ ఆర్కిటెక్చర్‌కి కాపెల్లా ఉంది. మూడూ ఓపెన్ సోర్స్, లైసెన్సుకి డబ్బు కట్టక్కర్లేదు. ఏది తీసుకున్నా ముందు చిన్న పరీక్ష పెట్టండి: ఒకే బ్లాక్‌ని రెండు షీట్లలో వేసి, ఒకచోట పేరు మార్చి, రెండోది చూడండి. ఐదు నిమిషాల్లో విషయం తేలిపోతుంది. కాపెల్లా మాత్రం ఆర్కాడియా అనే పద్ధతి ప్రకారమే మనల్ని నడిపిస్తుంది, ఆ పద్ధతి ఒంటబట్టడానికి సమయం పడుతుంది. నాలుగు షీట్ల పనికి దాన్ని నెత్తిన పెట్టుకోవద్దు. అలాంటి పనికి డ్రా డాట్ ఐఓ చాలు, పేర్ల జాబితా ఒక స్ప్రెడ్‌షీట్‌లో రాసి పెట్టుకోండి.

ఒక షీట్‌లో తీసేస్తే అన్నిట్లోనూ మాయమైంది

ఇది పైదానికి తలకిందులు. గీసే టూల్ నుంచి మోడలింగ్ టూల్‌కి కొత్తగా వచ్చినవాళ్లు దాదాపు అందరూ దీన్ని చవిచూస్తారు. మోడలింగ్ టూల్స్‌లో సాధారణంగా రెండు రకాల డిలీట్ ఉంటుంది: ఈ షీట్ నుంచి తీసేయడం ఒకటి, మోడల్ నుంచే తీసేయడం ఇంకొకటి. వెంటనే అన్‌డూ నొక్కండి. ఆ తర్వాత ఏ బటన్ ఏది తీసేస్తుందో ఒక ఖాళీ ప్రాజెక్టులో చేసి చూడండి.

సబ్‌స్క్రిప్షన్ ముగిసింది, నా ఫైళ్లే నాకు తెరుచుకోవడం లేదు

నాకు బాగా టెన్షన్ పెట్టిన రోజు ఇదే. ఒక ఆన్‌లైన్ టూల్‌లో ఏడాది పాటు గీసినవన్నీ గడువు తీరగానే లాక్ అయ్యాయి. డౌన్‌లోడ్ చేసుకుందామంటే పీఎన్‌జీ ఒక్కటే ఇచ్చింది. బొమ్మ చేతికొచ్చింది కానీ అందులో ఒక గీత కూడా జరపలేం. చివరికి అన్నీ మళ్లీ గీశాను.

అక్కడ ఫైల్ వాళ్ల సొంత ఫార్మాట్‌లో, వాళ్ల సర్వర్ మీదే ఉంది. కాబట్టి ఏ టూల్ అయినా మొదటి రోజే అందులోంచి ఒక ఫైల్ బయటికి తీసి, ఇంకో టూల్‌లో తెరిచి చూడండి. తెరుచుకోకపోతే దాన్ని అక్కడే వదిలేయండి, ఎంత చవకైనా సరే. డ్రా డాట్ ఐఓ ఫైల్ ఎక్స్‌ఎంఎల్‌గా మన దగ్గరే ఉంటుంది, డెస్క్‌టాప్ వెర్షన్ నెట్ లేకుండా కూడా నడుస్తుంది. పీఎన్‌జీగా ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు డయాగ్రమ్ కాపీని కూడా అందులో చేర్చమని టిక్ పెడితే, ఆ బొమ్మనే మళ్లీ తెరిచి దిద్దుకోవచ్చు. ఈ సదుపాయం నాకు ముందే తెలిసి ఉంటే ఎంత బాగుండేదో.

ఇంకో యూఎంఎల్ టూల్‌లోకి తెస్తే క్లాసులు వచ్చాయి, షీట్లు రాలేదు

ఒక టూల్ నుంచి ఇంకోదానికి మోడల్‌ని పంపే ఎక్స్‌ఎంఐ ఫైల్ మోడల్‌లోని అంశాలను, వాటి మధ్య సంబంధాలను మోస్తుంది. ఏ డబ్బా ఎక్కడ ఉందన్నది ఎక్కువ టూల్స్ ఎవరి పద్ధతిలో అవి దాచుకుంటాయి. అందుకే లేఅవుట్ దారిలో పోతుంది. టూల్ మారే ముందు ప్రతి షీట్‌నీ ఎస్‌వీజీగానో పీడీఎఫ్‌గానో తీసి పెట్టుకుని, కొత్తచోట వాటిని చూస్తూ పేర్చుకోవాలి. పని జరిగే క్రమాన్ని గీసే బీపీఎంఎన్ 2.0 ఫైల్‌లో ఇంత బాధ లేదు, డబ్బాల స్థానాలు రాసే పద్ధతి ఆ ప్రమాణంలోనే ఉంది.

ప్లాంట్‌యూఎంఎల్‌లో సీక్వెన్స్ డయాగ్రమ్ వస్తోంది, క్లాస్ డయాగ్రమ్‌కి ఎర్రర్

ప్లాంట్‌యూఎంఎల్ మనం టెక్స్ట్‌గా రాసినదాన్ని డయాగ్రమ్‌గా మారుస్తుంది. ఈ ఎర్రర్ వస్తే కంప్యూటర్‌లో గ్రాఫ్‌విజ్ అనే లేఅవుట్ సాఫ్ట్‌వేర్ లేదు, లేదా ఎక్కడుందో ప్లాంట్‌యూఎంఎల్‌కి దొరకలేదు. సీక్వెన్స్ డయాగ్రమ్‌కి దాని అవసరం లేదు. క్లాస్, కాంపొనెంట్ డయాగ్రమ్‌లలో డబ్బాలు పేర్చేది అదే. గ్రాఫ్‌విజ్ ఇన్‌స్టాల్ చేయండి. ఆఫీసు కంప్యూటర్‌లో అనుమతి లేకపోతే లేఅవుట్‌ని స్మెటానా అనే ఇంజిన్‌కి మార్చే ప్రాగ్మా (సెట్టింగ్) లైన్ ఫైల్ మొదట్లో రాయండి, అది ప్లాంట్‌యూఎంఎల్‌తోనే వస్తుంది.

ఫ్రీక్యాడ్‌లో ఒక కొలత మారిస్తే ఫిల్లెట్ వేరే అంచుకు పోయింది

ఫ్రీక్యాడ్ త్రీడీ భాగాలు తయారుచేసే క్యాడ్ టూల్, ఫిల్లెట్ అంటే అంచుని గుండ్రం చేయడం. భాగం ముఖాలకు, అంచులకు ఫ్రీక్యాడ్ వరసగా నంబర్లు ఇస్తుంది. మొదటి స్కెచ్ మారగానే ఆ వరస మారి, ఫిల్లెట్ తన అంచుని పోగొట్టుకుంటుంది. మీది పాత వెర్షన్ అయితే ముందు అప్‌డేట్ చేయండి. 2024 నవంబరులో వచ్చిన 1.0లో ఈ సమస్య చాలా తగ్గింది. అయినా స్కెచ్‌లను ముఖాల మీద కాకుండా మూల తలాల మీదో, డేటమ్ ప్లేన్‌ల (మనం విడిగా పెట్టుకునే ఆధార తలాల) మీదో వేయడం, ఫిల్లెట్లు, చాంఫర్లు (ఏటవాలుగా కోసిన అంచులు) చివర్లో పెట్టడం అలవాటు చేసుకోండి. ఇంకో క్యాడ్‌కి పంపాలంటే స్టెప్ ఫార్మాట్‌లో ఆకారం సరిగ్గా వెళ్తుంది, స్కెచ్‌లూ ఫీచర్ల వరసా వెళ్లవు. కాబట్టి అసలు ఫైల్ కూడా దగ్గర ఉంచుకోండి.

డీఎక్స్‌ఎఫ్ తెరిస్తే భాగం 25.4 రెట్లు పెద్దదో చిన్నదో అయింది

డీఎక్స్‌ఎఫ్ అంటే క్యాడ్ డ్రాయింగులు ఇచ్చిపుచ్చుకునే ఫైల్ ఫార్మాట్. ఇక్కడ ఒకరు మిల్లీమీటర్లలో గీశారు, ఇంకొకరి టూల్ అంగుళాలు అనుకుంది. పంపేవాళ్లు యూనిట్ సెట్ చేసి, షీట్‌లో ఒక మూల 100 మిల్లీమీటర్ల గీత గీసి, దాని పక్కన ఆ కొలత రాసి పంపాలి. అందుకున్నవాళ్లు మిగతా పని ముట్టుకోకముందే ఆ గీత కొలిచి చూసుకోవాలి.